గంగవాయిలి వారం

ముప్పై నాలుగు సంచులు.
పొద్దుగాల ఐదింటికి బోరు కాడ వరుసగ పరిచి
ఏం నింపాలె అని నిలబడ్డ.

ఉగాదికి ముందే పైసలు కట్టిన్రు మీరు,
నయీంనగర్, సుబేదారి, వడ్డేపల్లి,
కాజీపేట రైల్వే క్వార్టర్లు,
వారం వారం ఇంటికి కూర వస్తదని.
నేను రశీదు రాసిచ్చిన.
ఎండ ఏ రశీదు మీదా సంతకం పెట్టలే.

టమాటా సంగతి చెప్తా.
పూత మంచిగనే పూసింది, చిన్న చెవికమ్మల్లెక్క.
నలభై రెండు దాటిన రోజు నుంచి
పిందె పట్టకుంట కాడతో సహా రాలుడే.
ఓదెలు వరిగడ్డి మీద దోసిలి నిండ ఏరి
'గివి తూకమేస్తే ఎంతయితదక్కా' అన్నడు.
నేను నవ్వలే.
ఆయన కూడా నవ్వనీకి అనలే.

కొత్తిమీర మూడాకులేసి పూతకొచ్చింది,
రెండో తరగతి పిల్ల పింఛను గురించి అడిగినట్టు.
దోసకాయ కొరికి చూసి ఊసిన, చేదు.
బెండకాయ పొద్దున్నే లేత, మాపటికి కట్టె.
బోరు నలభై నిమిషాలు పోస్తది,
ఆ తర్వాత దగ్గుతది.

సొరపూలు రాత్రి తెల్లగ ఇచ్చుకుంటయి.
ఒక్క పురుగు రాలే.
నేనే టార్చిలైటు పట్టుకొని
మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుకుంట తిరిగిన.
మా అత్త బతికుంటే
ఏం పేరు పెట్టేదో ఈ పనికి.

నడుమల ఒకనాడు పది నిమిషాల రాళ్లవాన.
రేగ్గాయలంతయే.
పాలకూర ఆకులన్నీ
కండక్టర్ చిల్లులు కొట్టిన పాత టికెట్లయినయి.
మళ్ల తెల్లారి అదే ఎండ,
ఏం జరగనట్టు.

పోయిన నెల చీటీల ఒక్క ముక్క రాసిన:
నీడ కావాలె.
ఆ వారం సంచులు ఖాళీగ తిరిగిరాలే.
పాత చీరలు, నస్రీన్ ఆపా ఇంటి పరదాలు,
పోస్టుమాస్టర్ సారు పుల్ల విరిగిన గొడుగు,
ఎవరిదో రిసెప్షన్ ఫ్లెక్సీ.
గుంజలు పాతి అన్నీ కట్టినం.
ఇప్పుడు వంకాయ నారుమడి మీద
కొత్త జంట తలకిందులుగ నవ్వుతాంది.
వాళ్ల కిందికి ఎండ రాలే, నారు బతికింది.
కాపు రావాల్నంటే వానలు పడాలె.

అందుకని ఈ వారం సంచిల
గంగవాయిలి.

ఉగాది దాకా కొమురమ్మ దీన్ని
కుర్పితోని గీకి గీకి గట్టు మీద పారేసింది.
పారేసిన కాడనే వేరు పెట్టుకున్నది.
ఎవ్వరూ విత్తలే, ఎవ్వరూ తడపలే.
పాలకూర ఎండిపోయిన సాలుల్ల
ఎర్ర కాడలు, బొద్దు ఆకులు,
నేలను కరుచుకొని ఉన్నది.
'తిడితే పోనిది కలుపు కాదు, చుట్టం'
అనుకుంట కొమురమ్మనే కట్టలు కట్టింది,
పీకిన చేతులతోనే.

ఇసుకుంటది, మూడుసార్లు కడుగండి.
కందిపప్పుల పుల్లటి మామిడి ముక్కతోని వెయ్యండి.
పిల్లలు వద్దంటే
ముందు మీరు తిని చూపెట్టండి.

ఒకామె ఫోన్ చేసింది.
'గడ్డికా మేం పైసలు కట్టింది?'
పేరు చెప్ప. అడిగిన దాంట్ల తప్పు లేదు.
నా దగ్గర జవాబు కూడా లేదు,
మిరుగుకు ఇంకా పదకొండు రోజులున్నయి
అని మాత్రం అన్న.

ఆమె సంచి గూడ నింపిన.
మొత్తం చేనుల దొరికినయి నాలుగు టమాటాలు,
అవి ఆమె సంచిల పైన పెట్టిన.
ఎండ తగిలిన పక్క తెల్లగ బొబ్బలెక్కి ఉంటయి.
ఆ పక్క కోసి పారెయ్యి చెల్లె.
ఈ పక్క తియ్యగున్నది,
ఐదోది నేను తిన్న.